రాళ్ళ చేపల కోసం డుంబ్రిగుడ దాకా

అరకు వెళ్ళేవాళ్ళు చల్లగాలి కోసం వెళతారు, బొర్రా గుహల కోసం వెళతారు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఫొటోల కోసం వెళతారు. చేపల సంగతి తెలుసుకోవడానికి, అందులోనూ సముద్రపు చేపల సంగతి తెలుసుకోవడానికి అరకు రైలెక్కినవాళ్ళు మా ఇద్దరం తప్ప ఇంకెవరూ ఉండరనుకుంటాను. ఒకరు నేను, భీమిలి దగ్గర ఒక పల్లెలో పంతులమ్మని. రెండోవారు, సంగతి తెలియకుండానే రైలెక్కిన మా ఎల్లాజీ చిన్నాన్న. మా నాన్నకు సొంత తమ్ముడు, మా పల్లెకు పెద్ద.

మా పల్లెకు ఎదురుగా, తెప్ప మీద గంటన్నర వెళితే, నీళ్ళ అడుగున ఒక పెద్ద రాళ్ళగుట్ట ఉంది. ఒడ్డునున్న రెండు కొండలు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా వరసలోకి వచ్చాయంటే రాళ్ళ మీద ఉన్నట్టు. పెద్ద తల, ఒళ్ళంతా మచ్చలు, తలుపు తీసినట్టుండే నోరు, అలాంటి చేపలు ఆ రాళ్ళ సందుల్లో కాపురముంటాయి. అవి ఊళ్ళు తిరిగే చేపలు కావు. పుట్టిన గుట్టను వదలవు. వేసవిలో గుడ్లతో నిండి ఒకచోట చేరతాయి, అప్పుడు గాలం వేస్తే పిచ్చివాడు కూడా బుట్ట నింపుకొని వస్తాడు. మావాళ్ళు సరిగ్గా అదే చేస్తూ వచ్చారు. ప్రభుత్వం పెట్టిన రెండు నెలల వేసవి వేట నిషేధం ఇంజను పడవలకే, తెప్పలకు లేదు. పెద్ద పడవలు ఒడ్డున పడుకోగానే తెప్పలన్నీ రాళ్ళ మీదికే. నా చిన్నప్పుడు చంకలో ఎత్తుకోవలసినంత చేప వచ్చేది. ఇప్పుడు అరచేయంత వస్తే ఇంట్లో పండగ.

ఆ రెండు నెలలూ తెప్పలు కూడా రాళ్ళ జోలికి వెళ్ళకూడదని కట్టుబాటు పెట్టమని నేను పల్లె కూటంలో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అందరూ చిన్నాన్న మొహం చూశారు, చిన్నాన్న నేల చూశాడు. దానికి కారణముంది. ఎనిమిదేళ్ళ కిందట ఆయన కొత్తగా పెద్ద అయినప్పుడు, రాళ్ళ మీద సన్నకన్ను వల వెయ్యకూడదని ఒక కట్టుబాటు పెట్టాడు. మొదట దొరికిపోయింది మా నాన్నే. సొంత అన్న కదా అని వదల్లేదు, అందరిలో నిలబెట్టి తప్పు వేశాడు. నాన్న డబ్బు కట్టాడు. ఆ డబ్బుతో అమ్మవారి గుడికి నీలంరంగు వేయించారు. అక్కడితో అయిపోయినా బాగుండేది. నాన్న గుడి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఎవడో ఒకడు "ఈ రంగు నీదే గదా అప్పన్నా!" అనేవాడు. నాన్న మొదట గుడికి వెళ్ళడం మానేశాడు, తరవాత తమ్ముడితో మాట మానేశాడు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు. ఎనిమిదేళ్ళుగా ఒక్క మాట లేదు. కట్టుబాటు కూడా ఆ ఏడే గాలికి పోయింది.

"ఆపడం ఏటి కష్టం గుంటా?" అని చిన్నాన్న నాతో ఒకరోజు అన్నాడు. "దొంగని పట్టడం కూడా కష్టం కాదు. పట్టినోణ్ణి మళ్ళీ మనలో కలుపుకోడం కష్టం. ఒకసారి తప్పేసి అన్నని పోగొట్టుకున్నాను. ఇంకోసారి నా వల్ల కాదు."

ఆ సంగతంతా చిలకమ్మకు ఉత్తరం రాశాను. వెంటనే జవాబు వచ్చింది. చిలకమ్మ నాతో టీచర్ ట్రైనింగ్ చేసింది. డుంబ్రిగుడ అవతల కొండల్లో వాళ్ళ ఊరు. వాళ్ళ ఊరి గెడ్డలో, అంటే కొండవాగులో, ఒక మడుగుందనీ, వేసవిలో అందులో చేపల్ని ఎవరూ ముట్టుకోరనీ, వాళ్ళ తాతల నాటి నుంచీ ఆ కట్టుబాటు చెక్కు చెదరలేదనీ రాసింది. "మీ చిన్నాన్నని తీసుకురా" అంది. వచ్చే ఆదివారం సాయంత్రం పల్లె కూటం. ఈసారి కూడా దాటిపోతే ఈ ఏడు గుడ్లు కూడా బుట్టల్లోకే. పడవలు ఎలాగూ ఒడ్డునే ఉన్నాయి కదా, మూడు రోజులు చల్లగా తిరిగొద్దామని చిన్నాన్నని ఒప్పించాను. మడుగు మాట ముందు చెప్పలేదు. చెబితే వచ్చేవాడు కాదు.

శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకు మా ఊళ్ళో బస్సెక్కి, ఆరింటికి విశాఖ స్టేషనులో దిగాం. కిరండూల్ పాసింజరు ఏడు గంటల లోపే కదులుతుంది. కాబట్టి ఇడ్లీలు పొట్లం కట్టించుకొని రైల్లో తినడం మంచిది. టిక్కెట్టు మా భీమిలి ఆటో ఖర్చు కంటే తక్కువ. ఏ వైపు కూర్చుంటే లోయ కనబడుతుందని నలుగురిని అడిగితే ఇద్దరు కుడి అన్నారు, ఇద్దరు ఎడమ అన్నారు. దారి పొడుగునా లోయ అటూ ఇటూ మారుతూనే ఉంటుంది కాబట్టి నలుగురూ నిజమే చెప్పారు.

చిన్నాన్న చేతిలో ఎండు నెత్తళ్ళ చేపల సంచి ఉంది. చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని తెచ్చాడు. కొత్తవలస దాటేసరికి మా పెట్టెలో కొందరు ముక్కు మూసుకున్నారు, కొందరు దగ్గరికి జరిగారు. శృంగవరపుకోటలో ఎక్కిన ఒక ఆవిడ నేరుగా సంచి పక్కనే కూర్చొని, "ఏటి బాబూ, అమ్ముతావేటి?" అని అడిగింది.

"చుట్టాలకమ్మా."

"మాకూ నువ్వు చుట్టానివే అనుకో," అందావిడ. చిన్నాన్న గుప్పెడు తీసి ఇవ్వక తప్పలేదు. బదులుగా మాకు ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు దొరికాయి.

కోట దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె అంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. ఇది చూసి నవ్వుకున్నాను గాని నాలుగో సొరంగానికి నేనూ అరిచాను. సొరంగాలు లెక్కపెడదామని చిన్నాన్న, ఆ కోట ఆవిడ, నేను ముగ్గురం పందెం వేసుకున్నాం. బొర్రా గుహల స్టేషను వచ్చేసరికి ముగ్గురికీ మూడు లెక్కలొచ్చాయి. ఆవిడ దిగిపోతూ, "నాదే రైటు, నేను వారానికి రెండుసార్లు ఎక్కుతాను," అని తేల్చేసింది. బొర్రాలో పనస తొనలు అమ్ముతారు. తినండి, కాని కోతులు చూడకుండా తినండి.

చిన్నాన్న మాత్రం కిటికీలోంచి కొండలకేసే చూస్తున్నాడు. పుట్టినప్పటి నుంచి ఆయనకు కొండలంటే సముద్రం మీద నుంచి కనబడే గుర్తులే. "ఇంత దగ్గరికొస్తే ఏ కొండ ఏదో తెలీడం లేదే," అని బెంగపడ్డాడు.

పదకొండు దాటాక అరకులో దిగాం. స్టేషను ముందు హోటల్లో భోజనం వేడిగా ఉంది. సాంబారు కన్నా పప్పు నయం. పన్నెండున్నరకు డుంబ్రిగుడ జీపు దొరికింది. తొమ్మిదిమంది పట్టే జీపులో పదిహేడుమందిమి కూర్చున్నాం. డ్రైవరు ఇంకా ఎవరైనా వస్తారేమోనని అరగంట చూశాడు. డుంబ్రిగుడలో దిగాక చిలకమ్మ ఊరికి గంటన్నర నడక. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాయొద్దని వాళ్ళే అడిగారు. రాస్తే పట్నం వాళ్ళు వలలేసుకొని వచ్చేస్తారట.

నడిచే దారి పొడుగునా మామిడిచెట్లు. కొమ్మలు భుజాలకు తగిలేంత కిందికి వంగి, నిండా కాయలు. ఒక్క చెట్టు కిందా రాయి విసిరిన గుర్తు లేదు. మా పల్లెలోనైతే ఇంత కిందికి వంగిన కొమ్మకు కాయ ఉండడమన్నది జరగదు. ఎండ మండుతోంది, తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. చిన్నాన్న ఒక కాయ తెంపి, రాతి మీద కొట్టి, ముక్కకు నెత్తళ్ళ సంచిలోని ఉప్పు అద్దుకొని తిన్నాడు. "సూడు గుంటా, సముద్రం ఉప్పు, కొండ కాయ. ఇద్దరం కలిసేం," అని ఎంతో మురిసిపోయాడు. నాకు పళ్ళు పులుస్తాయని నేను తినలేదు. లేకపోతే నా పేరూ ఈ కథలోకి ఎక్కేది.

మూడింటికి ఊరు చేరాం. చిలకమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. వాళ్ళమ్మ కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చి, చిన్నాన్న మొహంకేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. కాయ సొన తగిలి ఆయన పెదవి చివర నల్లగా కాలింది.

"మావిడి తిన్నావేటి బాబూ?"

"తిన్నానమ్మా. మంచి పులుపు," అన్నాడు చిన్నాన్న, ఆవిడ ఊరి కాయను మెచ్చుకుంటున్నట్టు.

ఆవిడ చెంబు అక్కడే పెట్టి పక్కింటివైపు వెళ్ళింది. చిలకమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. "ఉత్తరంలో రాయడం మర్చిపోయానే!" అంది. విషయమేమిటంటే, మామిడి కొత్త పండగ చేసి, దేవుడికి పెట్టి, ఊరంతా ఒక్కరోజే కలిసి తినేదాకా అక్కడ ఎవరూ మామిడికాయ నోట్లో పెట్టకూడదు. టెంక ముదరాలి, పండగ రావాలి. ఆ పండగ వచ్చే మంగళవారం. మేం నాలుగు రోజులు ముందొచ్చాం, చిన్నాన్న నోరు ఇంకొంచెం ముందొచ్చింది.

అయిదింటికి ఊరి నాయుడు, అంటే ఊరిపెద్ద, గాసన్న ఇంటి ముందు అందరూ చేరారు. గాసన్నకు అరవై దాటి ఉంటాయి, పొట్టి మనిషి, చెవిలో చుట్ట. చిన్నాన్నని మధ్యలో నిలబెట్టారు. ఆయన మొహం కందగడ్డలా అయింది. కట్టుబాటు మంచిదని చూపించడానికి తీసుకొచ్చి, ఆయన్నే దోషిని చేశాను.

"నేను మా పల్లెకి పెద్దని," అన్నాడు చిన్నాన్న గట్టిగా. "మీ ఆచారం నాకు తెల్దు."

"మీ ఊర్లో పెద్దవే బాబూ," అన్నాడు గాసన్న మెత్తగా. "మా ఊర్లో మావిడి తిన్నోడివి. తెలీదన్నావు, నమ్మినాం. తెల్దని కాయ మళ్ళీ కొమ్మకి అతకదు గదా. ఎవరికైనా ఒకటే. ఒక కోడి, రెండు మానికల బియ్యం."

చిన్నాన్న జేబులోంచి డబ్బు తీసి నేల మీద పెట్టబోయాడు. గాసన్న వద్దన్నాడు. "డబ్బు మేం ఏం సేసుకుంటాం? కోడి తే. ఇక్కడే వండుతాం."

చిలకమ్మ తల్లి దగ్గరే కోడినీ బియ్యాన్నీ కొన్నాం. గాసన్న వాకిట్లోనే పొయ్యి వెలిగింది. మాటలు, నవ్వులు, పిల్లల గోల. మేం తెచ్చిన నెత్తళ్ళు కూడా వేపారు. చిన్నాన్న మాత్రం ఒక మూల రాయి మీద ఒంటరిగా కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా విస్తరాకులు వేశారు. మొదటి ఆకు గాసన్నకేనని నేననుకున్నాను. కాదు. మొదటి ఆకు చిన్నాన్నకు వేశారు. తప్పు చేసినవాడు మొదటి ముద్ద తింటేగాని ఎవరూ తినకూడదట. ఊరంతా ఆకుల ముందు కూర్చొని ఆయన చెయ్యికేసి చూస్తోంది. చిన్నాన్న ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. అందరూ ఒక్కసారిగా భోజనం మీద పడ్డారు.

"అయిపోయింది," అన్నాడు గాసన్న, ఆయన పక్కనే కూర్చుంటూ. "ఇంక నీ తప్పు లేదు. నీ తప్పుని మేమందరం తినేసినాం. ఇకమీద ఈ ఊర్లో ఎవుడైనా నీ మావిడి మాట ఎత్తితే, కోడి వాడు తేవాల."

చిన్నాన్న నములుతున్నవాడు ఆగిపోయాడు. "ఎత్తినోడు తేవాలా?"

"ఎత్తినోడే. నవ్వులాటకి ఎత్తినా సరే. సిగ్గు పడక తిను బాబూ, నాకూ తప్పేసినారు. కుర్రతనంలో మడుగులో సేప పట్టి..."

గాసన్న మాట పూర్తికాలేదు. చుట్టూ ఒక్కసారిగా గోల లేచింది. "నాయుడు ఎత్తినాడు! నాయుడు ఎత్తినాడు! కోడి! కోడి!" తన తప్పయినా సరే, తినేసిన తప్పును మళ్ళీ ఎత్తకూడదట. గాసన్న నాలిక కరుచుకొని, లేచి వెళ్ళి, తన ఇంటి గూట్లోంచే ఒక కోడిని పట్టుకొచ్చాడు. చిన్నాన్న కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఎనిమిదేళ్ళలో ఆయన అలా నవ్వగా నేను చూడలేదు. చెప్పడానికి సిగ్గెందుకు, నాకు ఏడుపొచ్చింది.

ఆ రాత్రి చిలకమ్మ ఇంట్లో పడుకున్నాం. ఏప్రిల్‌లో కూడా దుప్పటి కావాలి.

శనివారం పొద్దున్నే రాగులతో కాచిన చోడి అంబలి తాగి, ఏడింటికి గాసన్న వెంట మడుగు చూడటానికి వెళ్ళాం. గెడ్డ చాలాచోట్ల ఎండిపోయి ఉత్త రాళ్ళే మిగిలాయి. ఒక మలుపు దగ్గర, రెండు పెద్ద బండల మధ్య, ఇల్లంత మడుగు. వంగి చూశాను. నీళ్ళలో చేపలు కిక్కిరిసి ఉన్నాయి. బుట్ట ముంచితే చాలు. అయినా ఒడ్డున ఒక్క అడుగు గుర్తు లేదు.

చిన్నాన్న బండ మీద బోర్లా పడుకొని చూశాడు. చెయ్యి నీళ్ళ దాకా వెళ్ళి ఆగింది. యాభై ఏళ్ళ వేట చెయ్యి అది, దాన్ని ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు.

"ఎండలకి గెడ్డంతా ఇంకిపోద్ది," అన్నాడు గాసన్న. "తల్లీ పిల్లా అన్నీ ఈడికే వస్తాయి. ఇప్పుడు పట్టేస్తే వానలకి గెడ్డకి ఇత్తనం ఏది? వానలు పడ్డాక ఇయ్యి బయటికి పోతాయి. అప్పుడు ఎవుడికి ఎన్ని కావాలో పట్టుకోమంటాం."

"దొంగతనంగా పట్టేవోళ్ళు లేరేటి?" అని చిన్నాన్న అడిగాడు.

"ఎందుకు లేరు? ఏటా ఒకడో ఇద్దరో. కోడి తింటాం." గాసన్న చుట్ట వెలిగించాడు. "తప్పేసి మనిషిని దూరం సేసుకుంటే, వాడు కసి కొద్దీ ఉన్నదంతా పట్టేస్తాడు బాబూ. పక్కన కూకోబెట్టుకుంటే ఇంకోడు పట్టకుండా వాడే సూస్తాడు."

చిన్నాన్న బండ మీద నుంచి లేచి, మళ్ళీ ఒకసారి నీళ్ళలోకి చూశాడు. తరవాత మెల్లగా అన్నాడు: "అమ్మీ, మన రాళ్ళూ ఇదేనే. నీళ్ళు ఎక్కువ, అంతే."

మధ్యాహ్నం భోజనం చేసి, చిలకమ్మ దగ్గర సెలవు తీసుకొని, వచ్చిన దారినే అరకు చేరాం. ఈసారి మామిడిచెట్ల కింద చిన్నాన్న చేతులు వెనక్కి కట్టుకొని నడిచాడు. ఆ రాత్రికి స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. రెండు మంచాలు, ఒక బల్బు. దుప్పటికి వేరే డబ్బు అడిగితే చిన్నాన్న వద్దన్నాడు. తెల్లవారాక ఆయన లుంగీ రెండు పొరలు కప్పుకొని ముడుచుకొని కనబడ్డాడు.

ఆదివారం ఆరున్నరకు బస్సు. రైలు దారి ఒకసారి, ఘాటురోడ్డు ఒకసారి చూడాలని నా సలహా. అనంతగిరి దగ్గర కాఫీ తోటల మధ్య బస్సు పది నిమిషాలు ఆగుతుంది. అక్కడి కాఫీ కన్నా అక్కడి గాలి బాగుంటుంది. మలుపుల్లో మా వెనక సీటాయన వాంతి చేసుకున్నాడు, కండక్టరు నిమ్మకాయ ఇచ్చాడు. కోట చేరేసరికి ఎండ మొదలైంది. కిటికీలోంచి వెనక్కి చూస్తే కొండలు మళ్ళీ నీలంగా, దూరంగా అయిపోయాయి. ఈ రెండు రోజుల్లో నేను చూసినవాటిలో అందమైనవి చాలా ఉన్నాయి. నా మనసులో నిలిచింది మాత్రం ఆ విస్తరాకుల వరసే. మనుషులు తప్పు చేస్తారని ముందే ఒప్పుకొని, వాళ్ళకో ఆకు వేసి ఉంచిన ఊరు అది. అలాంటి ఊరు నేను అంతకుముందు చూడలేదు.

శృంగవరపుకోటలో బస్సు మారాలి. టీ తాగొస్తానని వెళ్ళిన చిన్నాన్న ఎంతకీ రాలేదు. విజయనగరం బస్సు కదలబోతుండగా పరుగెత్తుకొచ్చాడు. చంకలో కోడిపుంజు.

"కోడికి టిక్కెట్టు తియ్యాలి," అన్నాడు కండక్టరు.

"తీత్తాను. ఇది నా కన్నా పెద్దమనిషి," అన్నాడు చిన్నాన్న.

ఇదెందుకని నేను అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు: "తప్పు మీ నాయినది ఒక్కరోజుదే. ఎనిమిదేళ్ళు ఊరు దాన్ని ఎత్తతా ఉంటే, పెద్దని అయ్యుండి నేను నోరు మూసుకున్నాను. ఆ కోడి నాది అమ్మీ. ఇది ఇచ్చాకే కూటం. ఇవ్వకుండా రాళ్ళ మాట నేను ఎత్తలేను."

విజయనగరంలో, భీమిలిలో బస్సులు మారి, నాలుగింటికి మా పల్లెలో దిగాం. చిన్నాన్న తన ఇంటివైపు తిరగలేదు. ఎదుటి ఇంటికి, మా ఇంటికి నడిచాడు. నాన్న అరుగు మీద కూర్చొని వల బాగుచేసుకుంటున్నాడు. చిన్నాన్న అరుగు కింద నిలబడ్డాడు. వీధిలో వాళ్ళందరూ పనులు ఆపి చూస్తున్నారు.

"అన్నా, నాకు తప్పు పడింది," అన్నాడు చిన్నాన్న. "కోడి తెచ్చాను. మీ ఇంట్లో వండించు. కూటానికి వచ్చినోళ్ళందరూ తినాల. మొదటి ముద్ద నీది. రెండోది నాది. ఆ తరవాత రంగు మాట ఎవుడెత్తినా, వాడి దగ్గర కోడి నేను వసూలు సేత్తాను."

నాన్న సూది పక్కన పెట్టాడు. తమ్ముడి మొహం చూడలేదు, కోడినే చూశాడు. చెయ్యి చాచి దాన్ని అందుకొని, రొమ్ము తడిమి, బరువు చూశాడు.

"ఇంత బక్క కోడిని ఎవుడు అంటగట్టేడ్రా నీకు?" అన్నాడు. "ఊరందరికీ ఇదేటి సరిపోద్ది? పో, మన గూట్లోది ఇంకోటి పట్టుకురా."